క్యాష్‌లా కనిపించిన గెస్టుల ర్యామ్: ఒక కేవీఎం హోస్ట్‌లో మెమరీ షేరింగ్ లెక్క తేల్చిన కేసు

హోస్ట్‌లో, అంటే వర్చువల్ మెషీన్లను నడిపే సర్వర్‌లో, మెమరీ వాడకం సగానికి పైగా తగ్గిందని డ్యాష్‌బోర్డ్ చూపిస్తోంది. అదే హోస్ట్ మాత్రం పేజీలను (4 కేబీ మెమరీ ముక్కలను) స్వాప్‌లోకి, అంటే ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ చోటులోకి, రాస్తూనే ఉంది. రెండూ ఒకే వారంలో మొదలయ్యాయి. గెస్టుల, అంటే ఆ వర్చువల్ మెషీన్ల, లోపల చూస్తే ఎక్కడా కొరత లేదు, కానీ వాటిలో పనిచేసేవాళ్లు మాత్రం మెషీన్లు ఉన్నట్టుండి ఆగిపోతున్నాయని ఫిర్యాదు చేస్తున్నారు. నా దగ్గరికి కేసు వచ్చేసరికి పరిస్థితి ఇది.

సర్వర్ హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థది. రెండు సాకెట్లు, 256 జీబీ ర్యామ్, డెబియన్ 12, కెర్నెల్ 6.1, పైన వర్చువల్ మెషీన్లు నడిపే కేవీఎం, వాటిని నిర్వహించే లిబ్‌వర్ట్. డెవలపర్లకు ఇచ్చిన గెస్టులు 40, ఒక్కోదానికి 8 జీబీ. మొత్తం 320 జీబీ, అంటే ఉన్నదానికంటే 64 జీబీ ఎక్కువే పంచారు. ఇది నిర్లక్ష్యంతో చేసిన పని కాదు. గెస్టులన్నీ ఒకే ఇమేజ్ నుంచి పుట్టినవి. అదే కెర్నెల్, అవే లైబ్రరీలు, అదే జావా. కాబట్టి వాటి మెమరీలో చాలా పేజీలు అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉంటాయి. వాటిని హోస్ట్ ఒకే కాపీగా కలిపేస్తుందన్న నమ్మకం మీద ఈ ఏర్పాటు నిలబడింది, చాలాకాలం బాగానే నడిచింది.

కలిపే పని చేసేది కేఎస్ఎం (కెర్నెల్ సేమ్‌పేజ్ మెర్జింగ్). 2009లో వచ్చిన లైనక్స్ 2.6.32 నుంచి కెర్నెల్‌లో ఉంది. ఒక్కో గెస్టును ఒక ప్రాసెస్‌గా నడిపే క్యూఈఎంయూ తన గెస్ట్ ర్యామ్‌ను కెర్నెల్‌కు చూపించి "ఇక్కడ ఒకేలా ఉన్న పేజీలుంటే కలుపుకోవచ్చు" అని చెబుతుంది. కేఎస్ఎం థ్రెడ్ ఆ మెమరీని తిరుగుతూ, ఒక పేజీ చెక్‌సమ్ గత రౌండ్‌లో ఉన్నట్టే ఉంటే అది స్థిరంగా ఉందని భావించి జంట కోసం వెతుకుతుంది. దొరికితే రెండింటినీ ఒకే భౌతిక పేజీకి చూపించి, దాన్ని చదవడానికి మాత్రమే అని గుర్తు పెడుతుంది. ఏ గెస్ట్ అయినా అందులో రాయబోతే అప్పటికప్పుడు దానికి సొంత కాపీ దొరుకుతుంది. గెస్టుకు ఇదేమీ తెలియదు.

గెస్టుకు తెలియదు కాబట్టే లెక్క హోస్ట్ వైపు నుంచే తీయాలి. మొదటి చూపు కెర్నెల్ తన అంకెలు చూపించే సిస్ ఫైల్‌సిస్టమ్‌లోని కేఎస్ఎం డైరెక్టరీ మీద. అక్కడ పేజెస్ షేర్డ్ అంటే ఉంచుకున్న అసలు కాపీలు. పేజెస్ షేరింగ్ అంటే వాటిని అదనంగా వాడుకుంటున్న చోట్లు, అంటే ఆదా అయిన మెమరీ. ఈ రెండింటినీ తారుమారు చేసుకునేవాళ్లను చాలామందిని చూశాను. మిగులు కావాలంటే రెండోదాన్ని 4 కేబీతో గుణించాలి. పాత రికార్డుల్లో ఈ అంకె 1.8 కోట్ల దగ్గర ఉండేది, అంటే సుమారు 69 జీబీ మిగులు. గెస్టులు నిజంగా తాకిన మెమరీ 290 జీబీ దాకా ఉన్నా హోస్ట్ తట్టుకున్నది దీనివల్లే. నేను చూసిన రోజు అది 30 లక్షలు కూడా లేదు. మిగులు 11 జీబీ చిల్లర. 290 నుంచి 11 తీసేస్తే 256లో పట్టదు. స్వాప్ ఎందుకన్నది అక్కడితో తేలిపోయింది. మిగులు ఎందుకు పోయిందన్నదే ప్రశ్న.

టీమ్ దగ్గర దీనికి ఒక సమాధానం ఉంది: గత వారం గెస్టులను ఒక్కొక్కటిగా రీస్టార్ట్ చేస్తూ వచ్చాం, పేజీలు మళ్లీ కలవడానికి టైమ్ పడుతుంది కదా. ఈ మాటను తేలిగ్గా తీసేయలేం. కేఎస్ఎం డిఫాల్ట్‌గా 20 మిల్లీసెకన్లకు 100 పేజీలే చూస్తుంది. సెకనుకు 5,000 పేజీలు, అంటే 20 ఎంబీ కూడా కాదు. ఆ వేగంతో 290 జీబీ ఒకసారి తిరగాలంటే నాలుగు గంటలకు పైనే పడుతుంది. ఒక పేజీ మారలేదని నమ్మకం కుదరాలంటే రెండో రౌండ్ కూడా కావాలి. పొద్దున రీస్టార్ట్ చేసిన గెస్ట్ సాయంత్రానికి గానీ కుదుటపడదు. అయితే ఈ హోస్ట్‌లో కేఎస్ఎంట్యూన్డ్ నడుస్తోంది. మెమరీ బిగిసే కొద్దీ అది వేగాన్ని పెంచుతూ 10 మిల్లీసెకన్లకు 1,250 పేజీల దాకా తీసుకెళుతుంది. ఆ లెక్కన పూర్తి రౌండ్ పది నిమిషాల పని. వారం ఎదురుచూడాల్సిన అవసరం లేదు.

ఇక్కడే నాకు మొదటి గట్టి ఆధారం దొరికింది. ఫుల్ స్కాన్స్ అనే కౌంటర్ ఎన్ని రౌండ్లు పూర్తయ్యాయో చెబుతుంది. అది పెరుగుతూనే ఉంది. అంతేకాదు, పాతకాలం కంటే చాలా వేగంగా పెరుగుతోంది. నిమిషంన్నరకు ఒక రౌండ్ అయిపోతోంది. సెకనుకు చూసే పేజీలు అంతే ఉండి రౌండ్ మాత్రం ఇంత త్వరగా ముగుస్తోందంటే చూడాల్సిన మెమరీయే తగ్గిపోయిందని అర్థం. వేగాన్ని బట్టి లెక్క కడితే కేఎస్ఎం కళ్లకు కనబడుతున్నది 40 జీబీ దగ్గర, ఐదు గెస్టుల మెమరీ. మిగతా 35 గెస్టులు దాని జాబితాలోనే లేవు.

కెర్నెల్ 6.1లో ఒక్కో ప్రాసెస్‌కు విడిగా ఈ లెక్క దొరుకుతుంది. ప్రాసెస్‌ల వివరాలుండే ప్రాక్ కింద ఆ ప్రాసెస్ నంబర్ డైరెక్టరీలో కేఎస్ఎం మెర్జింగ్ పేజెస్ అనే ఫైలు ఉంటుంది. 40 క్యూఈఎంయూ ప్రాసెస్‌లకు చదివితే ఐదింటికి లక్షల్లో అంకెలు వచ్చాయి, 35 వాటికి శుద్ధ సున్నా. కలవడం ఆలస్యమైతే చిన్న అంకె అయినా ఉంటుంది. సున్నా వచ్చిందంటే కారణం వేరు.

సున్నా వచ్చిన ఒక గెస్ట్, బాగున్న ఒక గెస్ట్ తీసుకుని రెండింటి ఎస్‌మ్యాప్స్ ఫైళ్లు (ప్రాసెస్ మెమరీ మ్యాపింగుల జాబితాలు) పక్కపక్కన పెట్టాను. క్యూఈఎంయూ ప్రాసెస్‌లో గెస్ట్ ర్యామ్ ఏదో వెతకడం కష్టం కాదు, 8 జీబీ ఉన్న మ్యాపింగ్ ఒక్కటే ఉంటుంది. బాగున్న గెస్ట్‌లో ఆ మ్యాపింగ్‌కు పేరు లేదు, ఏ ఫైలుకూ చెందని అనామక మెమరీ. చివర ఉండే విఎమ్‌ఫ్లాగ్స్ వరుసలో ఎంజీ అనే రెండక్షరాలు ఉన్నాయి. ఇది కలపదగిన మెమరీ అని కెర్నెల్ గుర్తు పెట్టుకున్న చిహ్నం అదే. రెండో గెస్ట్‌లో మ్యాపింగ్‌కు మెమ్‌ఎఫ్‌డీ (మెమరీలోనే ఉండే ఫైలు) అన్న పేరు ఉంది, పక్కన డిలీటెడ్ అని ఉంది. అది చూసి కంగారు పడక్కర్లేదు, మెమ్‌ఎఫ్‌డీ ఫైలుకు డిస్క్ మీద చిరునామా ఉండదు కాబట్టి అలాగే కనిపిస్తుంది. అసలు సంగతి ఫ్లాగ్స్‌లో ఉంది. ఎంజీ లేదు. దాని బదులు ఎస్‌హెచ్ ఉంది, అంటే షేర్డ్ మ్యాపింగ్.

కేఎస్ఎం కలిపేది ప్రైవేటు అనామక పేజీలను మాత్రమే. షేర్డ్ మ్యాపింగ్ మీద క్యూఈఎంయూ అదే విన్నపం చేసినా కెర్నెల్ ఎర్రర్ ఇవ్వదు. సరే అన్నట్టు సున్నా తిరిగిచ్చి, ఏమీ చేయకుండా వదిలేస్తుంది. లాగ్‌లో ఒక్క వరుస కూడా పడదు. ఇంత పెద్ద మార్పు ఇంత నిశ్శబ్దంగా జరగడం నా దృష్టిలో ఈ వ్యవస్థలోని పెద్ద లోపం. కనీసం లిబ్‌వర్ట్ అయినా హెచ్చరించాలి.

ఎవరు మార్చారు, ఎందుకు

గత వారం రీస్టార్ట్‌లు ఊరికే చేసినవి కావు. ఒక సోర్స్ కోడ్ డైరెక్టరీని హోస్ట్ నుంచి గెస్టులన్నింటికీ చూపించడానికి వర్టియోఎఫ్ఎస్ పెట్టారు. మంచి పరికరం, వేగంగా ఉంటుంది. కానీ అది పనిచేసే తీరు తెలుసుకోవాలి. గెస్ట్ పంపే ఫైల్ అభ్యర్థనలను తీర్చేది క్యూఈఎంయూ కాదు, వర్టియోఎఫ్ఎస్‌డీ అనే వేరే ప్రాసెస్. అది గెస్ట్ ర్యామ్‌లోని బఫర్లను నేరుగా చదవాలి, రాయాలి. ఒక ప్రాసెస్ ప్రైవేటు మెమరీని ఇంకో ప్రాసెస్ అలా చూడలేదు. అందుకే గెస్ట్ ర్యామ్ మొత్తాన్ని మెమ్‌ఎఫ్‌డీ మీద పెట్టి, ఆ ఫైల్ డిస్క్రిప్టర్‌ను యూనిక్స్ సాకెట్ ద్వారా వర్టియోఎఫ్ఎస్‌డీకి అందిస్తారు. గెస్ట్ సెట్టింగులుండే ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో మెమరీ బ్యాకింగ్ కింద సోర్స్ మెమ్‌ఎఫ్‌డీ, యాక్సెస్ షేర్డ్ అన్న రెండు వరుసలు చేరతాయి. డాక్యుమెంటేషన్ చూసి టెంప్లేట్‌లో వేసుకున్నారు, 35 గెస్టులకు వర్తింపజేశారు. మిగిలిన ఐదు ఇంకా రీస్టార్ట్ కాలేదు, అంతే తేడా.

అంటే గెస్టుకూ హోస్ట్‌కూ మధ్య ఒక రకం షేరింగ్ తెరవగానే గెస్టుల మధ్య ఉన్న ఇంకో రకం షేరింగ్ మూసుకుపోయింది. నెట్‌వర్క్ పనిని వేరే ప్రాసెస్‌కు అప్పగించే, డీపీడీకే లాంటి వీహోస్ట్‌యూజర్ నెట్‌వర్కింగ్ పెట్టినా ఇదే జరుగుతుంది. హ్యూజ్ పేజీల (4 కేబీ కంటే చాలా పెద్ద పేజీల) పూల్ మీద గెస్టును నడిపినా కేఎస్ఎం దాన్ని ముట్టుకోదు.

డ్యాష్‌బోర్డ్ ఎందుకు అబద్ధం చెప్పింది

ఆ టీమ్‌లో హోస్టులు చూసుకునే అమ్మాయి మొదటి రోజే ఒక ప్రశ్న అడిగింది. "సార్, క్యాష్‌లో రెండొందల జీబీ పైన ఉంది కదా. అది కావాలంటే వదిలేసే మెమరీయే కదా. మరి దాన్ని వదలకుండా స్వాప్‌కి ఎందుకెళుతోంది? క్యాష్ ఖాళీ చేసే డ్రాప్ క్యాషెస్ కొట్టి చూశాను, కదల్లేదు."

చాలా మంచి ప్రశ్న. జవాబు కెర్నెల్ తన మెమరీ లెక్క చూపించే మెమ్‌ఇన్ఫోలో ఉంది. క్యాష్డ్ అనే అంకెలో షేర్డ్ మెమరీ కూడా కలిసే ఉంటుంది, ఎందుకంటే కెర్నెల్ దృష్టిలో మెమ్‌ఎఫ్‌డీ కూడా ఒక ఫైలే. కానీ దాని వెనుక డిస్క్ లేదు. డిస్క్ మీద కాపీ ఉన్న క్యాష్‌ను పారేసి తర్వాత మళ్లీ చదువుకోవచ్చు. దీన్ని పారేస్తే గెస్ట్ ర్యామ్ పోయినట్టే. కాబట్టి కెర్నెల్‌కు ఉన్న దారి ఒక్కటే, స్వాప్. వాళ్ల డ్యాష్‌బోర్డ్ మొత్తం నుంచి ఫ్రీ, బఫర్లు, క్యాష్ తీసేసి మిగిలినదాన్ని వాడకం అనేది. 35 గెస్టుల ర్యామ్ అనామక ఖాతా నుంచి క్యాష్ ఖాతాకు మారగానే ఆ గ్రాఫ్ దబ్బున పడిపోయింది. మెమరీ బాగా ఆదా అయిందని మొదట సంతోషించారు కూడా. అదే మెమ్‌ఇన్ఫోలో ఎస్‌హెచ్‌మెమ్ వరుస చూసి ఉంటే అది సున్నా దగ్గర్నుంచి 200 జీబీ దాటిందని కనిపించేది. మెమ్‌అవైలబుల్ అంకె కూడా నిజమే చెప్పింది, అది షేర్డ్ మెమరీని వదలదగినదిగా లెక్కించదు. వర్చువల్ మెషీన్లు నడిపే హోస్ట్‌లో పాత ఫార్ములాతో గీసిన వాడకం గ్రాఫ్ ఉంటే దాన్ని ఇవాళే తీసేయమని చెబుతాను.

ఇంకో తికమక ఆర్ఎస్ఎస్‌తో, అంటే ఒక ప్రాసెస్‌కు ర్యామ్‌లో ఉన్న మెమరీ అంకెతో. టీమ్‌లో ఒకరు అన్ని ప్రాసెస్‌ల ఆర్ఎస్ఎస్ కూడి, అది హోస్ట్ ర్యామ్ కంటే ఎక్కువ రావడం చూసి ఎక్కడో లీక్ ఉందన్నారు. నలుగురు ఒకే షేర్ ఆటోలో వెళ్లి, నలుగురూ ఆటోలో వచ్చామంటే నాలుగు ఆటోలు లెక్కేసినట్టు ఉంటుంది ఆర్ఎస్ఎస్ కూడిక. కేఎస్ఎం కలిపిన ఒక పేజీ వంద గెస్ట్ చిరునామాల్లో ఉంటే వందసార్లు లెక్కకొస్తుంది. వర్టియోఎఫ్ఎస్‌డీ తాకిన గెస్ట్ పేజీలు క్యూఈఎంయూ ఖాతాలో ఒకసారి, దాని ఖాతాలో మరోసారి పడతాయి. చూడాల్సింది పీఎస్ఎస్. అందులో ప్రతి పేజీని ఎంతమంది వాడుతున్నారో అంతమందికి భాగించి పంచుతారు. ప్రాక్‌లో ఎస్‌మ్యాప్స్ రోలప్ ఫైలు ఈ మొత్తాన్ని ఒక్కచోట ఇస్తుంది, పీఎస్ఎస్‌ను అనామకం, ఫైలు, షేర్డ్ అని విడదీసి కూడా చూపిస్తుంది.

ఒక జాగ్రత్త. ఆ ఫైలు చదివినప్పుడల్లా కెర్నెల్ ఆ ప్రాసెస్ పేజీ టేబుళ్లు మొత్తం నడిచి రావాలి, ఆ సమయంలో దాని మెమరీ మ్యాప్ లాక్ పట్టుకుంటుంది. 8 జీబీ గెస్టులు 40 ఉన్నచోట సెకనుకోసారి చదివితే కొలత వల్లే కొత్త సమస్య వస్తుంది. ఐదు నిమిషాలకోసారి చాలు.

ఏ భౌతిక పేజీ ఎవరెవరి దగ్గర ఉందో పేజీ స్థాయిలో తేల్చుకోవాలన్నా దారి ఉంది. ప్రాసెస్ పేజ్‌మ్యాప్ నుంచి ఫ్రేమ్ నంబర్ తీసి, కేపేజ్‌కౌంట్‌లో ఎన్ని చోట్ల మ్యాప్ అయిందో, కేపేజ్‌ఫ్లాగ్స్‌లో 21వ బిట్ వెలిగి ఉందో లేదో చూడాలి. ఆ బిట్టే కేఎస్ఎం గుర్తు. కెర్నెల్ సోర్సుతో వచ్చే పేజ్ టైప్స్ పరికరం ఈ పని చేసిపెడుతుంది, రూట్ అనుమతి కావాలి. ఈ కేసులో ఒక గెస్ట్ మీద దాన్ని నడిపి నిర్ధారణ చేసుకున్నాను. రోజువారీ పనికి అంత లోతు అవసరం లేదు.

సరిదిద్దడం

వర్టియోఎఫ్ఎస్ నిజంగా ఎవరికి కావాలని అడిగితే తేలింది, బిల్డ్ చేసే రెండు గెస్టులకే. మిగతా 33 మందికి సోర్సు అప్పుడప్పుడు చూసుకోవడమే పని, చదవడానికి మాత్రమే. వాళ్లకు హోస్ట్ బ్రిడ్జ్ మీద ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే పద్ధతి) పెట్టి, మెమరీ బ్యాకింగ్ వరుసలు తీసేశాం. వేగం కొంత తగ్గింది, ఎవరూ పట్టించుకోలేదు.

రెండు బిల్డ్ గెస్టులకు షేర్డ్ మెమరీ తప్పదు. అక్కడ రెండు సర్దుబాట్లు చేశాం. గెస్ట్ మెమరీని హోస్ట్‌కు తిరిగిచ్చే బెలూన్ పరికరానికి ఫ్రీ పేజ్ రిపోర్టింగ్ ఆన్ చేశాం. గెస్ట్ తనకు అక్కర్లేని పెద్ద ముక్కలను, సాధారణంగా 2 ఎంబీ ఆ పైవాటిని, హోస్ట్‌కు చెబుతుంది, హోస్ట్ మెమ్‌ఎఫ్‌డీలో అక్కడ చిల్లు పెట్టి మెమరీ వెనక్కి తీసుకుంటుంది. గెస్ట్‌లో లైనక్స్ 5.7, హోస్ట్‌లో క్యూఈఎంయూ 5.1 నుంచి ఇది ఉంది. బిల్డ్ అయిపోగానే ఆ గెస్టుల షేర్డ్ వాడకం దిగిరావడం గ్రాఫ్‌లో స్పష్టంగా కనిపించింది. రెండోది, షేర్డ్ మెమరీకి ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజీలు (కెర్నెల్ తనంతట తానే ఇచ్చే పెద్ద పేజీలు) డిఫాల్ట్‌గా ఉండవు. అనామక మెమరీలో ఉన్నప్పుడు దొరికిన పెద్ద పేజీలు మెమ్‌ఎఫ్‌డీకి మారగానే పోయాయి, బిల్డ్‌లు నెమ్మదించడంలో దాని వాటా కూడా ఉంది. షేర్డ్ మెమరీకి ఉన్న విడి సెట్టింగ్‌ను అడ్వైజ్‌కు మార్చాం.

గెస్టులను వెనక్కి మార్చేటప్పుడు ఒక్కటే టెన్షన్: మార్చిన గెస్ట్ మొదట్లో కొంతసేపు ఏదీ కలపకుండా పూర్తి మెమరీతో నిలబడుతుంది. అందుకే ఒకేసారి కాకుండా కొన్నికొన్ని చేసి, పేజెస్ షేరింగ్ పెరగడం చూశాకే తర్వాతి గుంపుకు వెళ్లాం.

లైవ్ మైగ్రేషన్ (నడుస్తున్న గెస్టును ఆపకుండా వేరే హోస్ట్‌కు మార్చడం) కూడా ఇలాంటిదే, చాలామంది మరిచిపోయేది. కలిసిన పేజీ వలస వెళ్లేటప్పుడు మామూలు పేజీగానే వెళుతుంది. సున్నాలతో నిండిన పేజీలకు మాత్రం చిన్న గుర్తు పంపితే సరిపోతుంది. గమ్యంలో దిగిన గెస్టుకు కలిసినవేమీ ఉండవు, పూర్తి చోటు కావాలి. 69 జీబీ మిగులు మీద నడుస్తున్న హోస్ట్‌ను ఖాళీ చేయాలంటే పక్క హోస్ట్‌లో ఆ 69 జీబీ కూడా ఉండాలి. రెండు సాకెట్ల మధ్య పేజీలు కలపకుండా మెర్జ్ అక్రాస్ నోడ్స్ సెట్టింగ్ మార్చుదామా అని టీమ్ అడిగింది. దానికి ముందు కలిసిన పేజీలన్నీ విడదీయాలి, కేఎస్ఎం డైరెక్టరీలోని రన్ ఫైలులో 2 రాస్తే ఆ పని జరుగుతుంది. నిండుగా ఉన్న హోస్ట్‌లో 2 రాయడమంటే ఆ 69 జీబీని ఒక్కసారిగా అడగడమే. వద్దని గట్టిగా చెప్పాను.

కలపడం ఉచితమూ కాదు. స్కాన్ చేసే ప్రతి పేజీకి కెర్నెల్ 64 బైట్ల నమోదు ఉంచుకుంటుంది, 4 కేబీలో 64వ వంతు. 290 జీబీకి అది 4.5 జీబీ దాకా వస్తుంది. 69 జీబీ మిగులు ముందు అది చిన్నది. కానీ ఒక్కో గెస్టుకు ఇదే భాగహారం వేసి చూశాం. ఒక డేటాబేస్ గెస్టులో కలిసే పేజీలు దాదాపు లేవు, నమోదుల ఖర్చే ఎక్కువ. దాన్ని కలపడం నుంచి తప్పించాం.

ఇంకో గెస్టును భద్రత కోసం తప్పించాం, రిలీజ్‌లకు సంతకం చేసే కీలు అందులో ఉన్నాయి. కలిసిన పేజీలో రాయడానికి మామూలు పేజీ కంటే ఎక్కువ సమయం పడుతుంది, ఆ తేడా కొలిచి పక్క గెస్టులో ఏముందో ఊహించవచ్చు. 2014లో పరిశోధకులు కలిసిన పేజీల మీద క్యాష్ టైమింగ్‌తో పక్క గెస్టులోని ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ కీని రాబట్టారు. ఆ ఏడాది చివర్లోనే వీఎంవేర్ గెస్టుల మధ్య పేజీ షేరింగ్‌ను డిఫాల్ట్‌గా ఆపేసింది. 2016లో ఆమ్‌స్టర్‌డామ్ వ్రైయె విశ్వవిద్యాలయం వాళ్లు చూపించిన ఫ్లిప్ ఫెంగ్ షుయ్ ఇంకా భయపెట్టేది. కేఎస్ఎం కలిపిన పేజీలో రోహ్యామర్‌తో (పక్క మెమరీ వరుసలను పదేపదే తాకి బిట్లు తిప్పే పద్ధతితో) ఒక బిట్ తిప్పి, పక్క గెస్టులోని ఎస్ఎస్‌హెచ్ పబ్లిక్ కీని బలహీనం చేశారు. వేర్వేరు కస్టమర్ల గెస్టులు ఒకే హోస్ట్‌లో ఉంటే కేఎస్ఎం పెట్టకూడదన్నది నా స్థిరమైన అభిప్రాయం. ఇక్కడ అందరూ ఒకే సంస్థవాళ్లు కాబట్టి ఒప్పుకున్నాను, కీలున్న గెస్టుకు మాత్రం ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో నోషేర్‌పేజెస్ పెట్టించాను.

చివరిగా కొలతలు. ఇప్పుడు ఐదు నిమిషాలకోసారి ప్రతి గెస్టుకు ఆర్ఎస్ఎస్, పీఎస్ఎస్, అందులో అనామకం ఎంత, షేర్డ్ ఎంత, కలిసిన పేజీలెన్ని అన్నవి నమోదవుతున్నాయి. పక్కనే గెస్ట్ మాట కూడా ఉంటుంది. బెలూన్ గణాంకాల ద్వారా లోపల ఎంత ఖాళీ, ఎంత డిస్క్ క్యాష్ అన్నది లిబ్‌వర్ట్ కమాండ్ విర్ష్ డామ్‌మెమ్‌స్టాట్ ఇస్తుంది, ముందుగా పీరియడ్ సెట్ చేయకపోతే ఎప్పటివో పాత అంకెలే చూపిస్తుంది. గెస్ట్ లోపల 5 జీబీ ఖాళీ అంటున్నా హోస్ట్‌లో పీఎస్ఎస్ 7 జీబీ ఉంటే, గెస్ట్ వదిలేసినా హోస్ట్‌కు తిరిగి రాని మెమరీ అది. రెండు వైపుల అంకెలూ పక్కపక్కన లేకపోతే ఈ తేడా ఎవరికీ కనబడదు.

ఈ నమోదుల్లో ఇంకో సంగతి బయటపడింది. రోజూ ఒకే వేళకు పేజెస్ షేరింగ్ పడిపోయి గంటలో తేరుకునేది. టీమ్ సొంతంగా రాసుకున్న అప్‌డేట్ క్రాన్ (నిర్ణీత వేళకు దానంతట అదే నడిచే పని) అన్ని గెస్టుల్లో ఒకే నిమిషానికి నడుస్తోంది. కొత్త ప్యాకేజీలు అన్నిచోట్లా ఒకేసారి పాత పేజీల మీద రాస్తున్నాయి, కలిసినవన్నీ విడిపోతున్నాయి. ఆ క్రాన్‌ను సిస్టమ్‌డీ టైమర్‌గా మార్చి, ఒక్కో గెస్టుకు ఆలస్యం వేరుగా ఉండేలా చేశాక ఆ గుంత సన్నబడింది.

రెండు అలారాలు పెట్టాం. పూర్తి స్కాన్ రౌండ్లు మామూలు కంటే త్వరగా అయిపోతూ పేజెస్ షేరింగ్ పడిపోతే ఒకటి మోగుతుంది. ఏ క్యూఈఎంయూ ప్రాసెస్‌లోనైనా షేర్డ్ ఆర్ఎస్ఎస్ 1 జీబీ దాటితే, అది అనుమతి జాబితాలోని ఆ రెండు బిల్డ్ గెస్టుల్లో ఒకటి కాకపోతే, రెండోది మోగుతుంది. గెస్ట్ టెంప్లేట్‌లో మెమరీ బ్యాకింగ్ వరుసను ముట్టుకునే మార్పును హోస్టులు చూసుకునే ఆ అమ్మాయి చూసి ఒప్పుకుంటే తప్ప విలీనం చేయడం లేదు.